వరద శిబిరాల్లో తలదాచుకున్నవాళ్లకు ఫోన్‌లో సరైన ఆరోగ్య సమాచారం చేరవేయడం ఎలా?

ఏటా జూలై దగ్గరపడేసరికి లంకల నుంచి, అంటే గోదావరి పాయల మధ్య దీవుల్లాంటి ఊళ్ల నుంచి ఒకటే ప్రశ్న. "గోదారి పొంగితే జనాన్ని హైస్కూల్లోకో, తుఫాను షెల్టర్‌లోకో, ఏటిగట్టు మీదకో చేరుస్తాం. అక్కడ విరేచనాలు, జ్వరాలు, పాముకాట్లు. వాట్సాప్ తెరిస్తే ఎవరెవరివో చిట్కాలు. అసలైన సంగతి అందరికీ ఎలా పంపాలి?" ఆశా కార్యకర్తలు అడుగుతారు, డ్వాక్రా లీడర్లు అడుగుతారు, మాస్టార్లు, ఊళ్లో చురుగ్గా తిరిగే కుర్రాళ్లు అడుగుతారు. అందుకే మొత్తం ఒకేచోట రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. ఈ పనిలో మెసేజ్ రాయడానికి పట్టే సమయం తక్కువే. నంబర్లు పోగుచేయడం, తిరిగి వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పడం, చెప్పింది జరిగిందో లేదో వెళ్లి చూడడం, వీటికే ఎక్కువ సమయం పడుతుంది. ఆ మూడూ చేసే ఓపిక ఉంటేనే మొదలుపెట్టండి. సగంలో వదిలేస్తే జనం మళ్లీ పాత ఫార్వర్డ్‌ల మీదే ఆధారపడతారు.

ఎప్పుడు మొదలుపెట్టాలి? జూన్‌లో. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరి, 10 లక్షల క్యూసెక్కులు వదిలితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులు, 13 లక్షలైతే రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలైతే మూడోది. పల్లపు లంకలకు వెళ్లే కాజ్‌వేలు రెండో హెచ్చరిక దాకా ఆగవు, ముందే మునిగిపోతాయి. అప్పుడు పడవలో కూర్చుని నంబర్లు రాసుకోవడం కుదిరే పని కాదు. 2022లో జూలై మధ్యకే వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అందుకే "ఆగస్టులో కదా, చూద్దాంలే" అనుకోవద్దు.

కావలసినవి

- ఈ పనికే కేటాయించిన ఒక సిమ్, ఒక ఫోన్. మీ సొంత నంబరు వాడితే రాత్రీ పగలూ తేడా ఉండదు, పైగా మీరు లేనప్పుడు ఇంకొకరికి అప్పజెప్పలేరు.
- ప్రతి మెసేజ్ చూసి "సరే" అనే ఒక వైద్యాధికారి.
- నిండా ఛార్జ్ అయిన పవర్ బ్యాంకులు రెండు. వరదలో ముందు పోయేది కరెంటే.
- ఒక పుస్తకం, పెన్ను, తడవకుండా ప్లాస్టిక్ కవరు. ఫోన్ తడిస్తే ఆ పుస్తకమే దిక్కు.
- మీతో పాటు ఇంకొక మనిషి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

1. ఎవరి మాటగా పంపుతున్నారో తేల్చుకోండి

మీ ఊరు ఏ పీహెచ్‌సీ కిందకు వస్తుందో ఆ వైద్యాధికారిని కలవండి. "మేం రాసిన పది మెసేజ్‌లు ఇవి, ఒకసారి చూసి దిద్దండి" అని కాగితం మీద ఇవ్వండి. ఫోన్‌లో పంపి వదిలేస్తే చూసే తీరిక ఉండదు. ఎదురుగా కూర్చుంటే పావుగంటలో అయిపోతుంది. ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం), విలేజ్ క్లినిక్‌లో వైద్యం చూసే ఎంఎల్‌హెచ్‌పీ కూడా అప్పుడే పక్కన ఉంటే ఇంకా మంచిది. శిబిరంలో జనం ముందు అడిగేది వాళ్లనే. మీ మెసేజ్ ఒకటి, ఏఎన్ఎం గారి మాట ఇంకొకటి అయితే రెండూ నమ్మరు.

ఒక్క హెచ్చరిక: మందుల మోతాదులు మెసేజ్‌లో పెట్టకండి. ఎలుక జ్వరానికి (లెప్టోస్పైరోసిస్) ఇచ్చే డాక్సీసైక్లిన్ మందు ఎవరికి, ఎంత ఇవ్వాలో డాక్టరు మనిషిని చూసి చెప్పాలి. గర్భిణి ఉన్న ఇంటికీ, చంటిపిల్ల ఉన్న ఇంటికీ వెళ్లేది అదే మెసేజ్ అని మర్చిపోవద్దు.

2. ఇంటింటికీ తిరిగి నంబర్లు రాసుకోండి

ఇంటి యజమాని నంబరొక్కటే రాసుకుంటే లాభం లేదు. చాలా ఇళ్లలో ఆ ఫోన్ మగవాళ్ల జేబులో ఉంటుంది. ఆయన పశువుల్ని తోలుకుని గట్టు మీద ఉంటాడు, పిల్లకు విరేచనాలు పట్టుకునేది స్కూల్లో తల్లి దగ్గర. అందుకే ప్రతి ఇంటి నుంచి రెండు నంబర్లు తీసుకోండి, అందులో ఒకటి ఆడవాళ్లది. ఫోన్ లేకపోతే పక్కింటివాళ్ల పేరు రాసుకోండి.

నంబరు పక్కన నాలుగే వివరాలు రాయండి: ఏ లంక, స్మార్ట్‌ఫోనా కీప్యాడ్‌ ఫోనా, ఏ భాష, చదవగలరా లేదా. రొయ్యల చెరువుల మీద కాపలా ఉండే ఒడిశా, బిహార్ కుటుంబాలను వదిలేయకండి. వాళ్లు చెరువు గట్టు మీద పాకల్లో ఉంటారు, ఏ రేషన్ జాబితాలోనూ పేరుండదు. వరదొస్తే వాళ్లూ అదే స్కూల్లోకి వస్తారు, అవే నీళ్లు తాగుతారు.

నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ వాళ్లు, టీబీ, షుగర్, బీపీ, మూర్ఛ మందులు వాడేవాళ్ల వివరాలు ఏఎన్ఎం దగ్గర ఇప్పటికే ఉంటాయి. వాటిని మీ ఫోన్‌లోకి ఎక్కించుకోవద్దు. వాళ్లకు చెప్పాల్సింది ఏఎన్ఎం గారే విడిగా ఫోన్ చేసి చెబుతారు.

నంబరు తీసుకునేటప్పుడే అడగండి: "వరదప్పుడు ఆరోగ్యం గురించి మెసేజ్‌లు పంపుతాం, సరేనా?" వద్దంటే వద్దు. సరే అన్నవాళ్ల ఫోన్ చేతిలోకి తీసుకుని మీ నంబరును "వరద ఆరోగ్యం" అని సేవ్ చేసి ఇచ్చి రండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, ఎందుకు ముఖ్యమో కింద చెబుతాను.

3. ఏ దారిలో పంపాలో ఎంచుకోండి

అందరూ ముందు చేసేది మామూలు వాట్సాప్ గ్రూపు. నా సలహా, వద్దు. గ్రూపులో ఒకరి నంబరు అందరికీ కనిపిస్తుంది. ఆడవాళ్లకు తెలియని నంబర్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి, రెండో రోజుకే వాళ్లు గ్రూపు వదిలి వెళ్లిపోతారు. పైగా గుడ్ మార్నింగులు, పార్టీ పోస్టుల కింద మీ మెసేజ్ ఎక్కడుందో దొరకదు.

దానికి బదులు బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు, ఎవరికి వాళ్లకు విడిగా మెసేజ్ వచ్చినట్టే ఉంటుంది, జవాబు మీ ఒక్కరికే వస్తుంది. అయితే మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకు మాత్రమే అది చేరుతుంది. ఇందాక చేతిలోకి తీసుకుని సేవ్ చేయమన్నది అందుకే. "పంపాం గానీ సగం మందికి రాలేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదొక్కటే.

లంకకో లిస్టు పెట్టుకోండి. అన్ని లంకలకూ కలిపి ఒకే లిస్టు అయితే, ఒక శిబిరంలో ట్యాంకర్ వచ్చిందన్న కబురు ఇంకో శిబిరంలో గొడవకు దారితీస్తుంది.

జనం ఎక్కువైతే వాట్సాప్ కమ్యూనిటీలోని అనౌన్స్‌మెంట్ గ్రూపు పనికొస్తుంది. అడ్మిన్లే మెసేజ్ పెట్టగలరు, సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనబడవు.

కీప్యాడ్ ఫోన్లకు ఎస్ఎంఎస్. తెలుగులో రాస్తే ఒక ఎస్ఎంఎస్‌లో మామూలుగా 70 అక్షరాలే పడతాయి. గుణింతం, ఒత్తు కూడా విడిగా లెక్కకొస్తాయి. "నీళ్లు కాచి తాగండి" అన్న మూడు మాటలకే ఖాళీలతో కలిపి 18 అయిపోతాయి. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, సిగ్నల్ సరిగా లేనిచోట ఒక ముక్క వచ్చి ఇంకోటి రాదు. 'వద్దు' అన్న మాట రెండో ముక్కలో ఉండిపోతే ఏమవుతుందో ఆలోచించండి. 70 లోపు సరిపోయేది ఒకటి:

"విరేచనాలైతే నీళ్లు ఆపొద్దు. ఓఆర్ఎస్ తాగించండి. స్కూల్లో ఇస్తారు."

కొన్ని పాత కీప్యాడ్ ఫోన్లలో తెలుగు డబ్బాల్లా కనిపిస్తుంది. జూన్‌లోనే ఒక పరీక్ష మెసేజ్ పంపి, చూడమనండి. అలాంటి ఇళ్లకు ఫోన్ చేసి చెప్పడం తప్ప వేరే దారి లేదు. పదిళ్లకు ఒకరు చొప్పున పంచుకుంటే పెద్ద భారం కాదు.

సిగ్నల్ పూర్తిగా పోతే? ఆటో మైకు, గుడి మైకు, పడవ నడిపేవాళ్ల చేతికి కాగితం. అందుకే ప్రతి మెసేజ్ కాగితం మీద కూడా ఉండాలి.

4. మెసేజ్‌లు ముందే రాసి పెట్టుకోండి

ఒక మెసేజ్‌లో ఒకే విషయం. పైన తేదీ, వేళ. కింద ఎవరు చెప్పారో, ఎవరికి ఫోన్ చేయాలో. మధ్యలో చేయాల్సిన పని. కారణాలు, జబ్బు పేర్లు, బ్యాక్టీరియా కబుర్లు తీసేయండి. పోస్టర్లు, పీడీఎఫ్‌లు పంపొద్దు. డేటా అయిపోయిన ఫోన్‌లో అవి తెరుచుకోవు, తెరుచుకున్నా అక్షరాలు కనబడవు.

తాగేనీళ్ల గురించి ఇలా రాయొచ్చు:

"జూలై 18, ఉదయం 7. బోరు, బావి నీళ్లు నేరుగా తాగొద్దు. ట్యాంకర్ నీళ్లు లేదా మరిగించిన నీళ్లే తాగండి. నీళ్లు తెర్లాక ఒక నిమిషం ఉంచి దించండి. కట్టెలు లేకపోతే క్లోరిన్ మాత్రలు ఏఎన్ఎం గారి దగ్గరున్నాయి. మాత్ర వేశాక అరగంట ఆగి తాగండి."

ఇక్కడ ఎక్కువ తప్పులు జరుగుతాయి. క్లోరిన్ మాత్రలు అన్నీ ఒక సైజు కాదు. కొన్ని 20 లీటర్ల టిన్నుకు ఒకటి, కొన్ని చిన్న బిందెకు ఒకటి. మీ శిబిరానికి ఏ స్ట్రిప్ వచ్చిందో చూసి, దాని మీదున్న లీటర్లే మెసేజ్‌లో రాయండి. పోయిన ఏడాది మెసేజ్ తీసి మళ్లీ పంపొద్దు. బురద నీళ్లలో మాత్ర సరిగా పనిచేయదు, ముందు తేరనిచ్చి, బట్టతో వడకట్టాకే వేయాలి. ఈ ముక్క విడిగా ఇంకో మెసేజ్‌గా పంపండి.

ఓఆర్ఎస్ మెసేజ్:

"పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు మంచినీళ్లలో కలపండి. కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. చంటిపిల్లలకు తల్లిపాలు ఆపొద్దు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. పిల్ల మగతగా ఉన్నా, కళ్లు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే 108."

మామూలుగా జరిగే తప్పు, పెద్ద ప్యాకెట్‌ను గ్లాసుడు నీళ్లలో కలపడం. అంత చిక్కగా తాగిస్తే పిల్లకు మేలు బదులు కీడే జరుగుతుంది. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లూ ఉన్నాయి. కాబట్టి పంచుతున్న ప్యాకెట్ ఫొటో, పక్కనే లీటరు సీసా ఫొటో కలిపి పంపండి. నేను ఫొటో పంపమనేది ఇక్కడొక్కచోటే. దుకాణాల్లో దొరికే పళ్ల రసం డబ్బాలు ఓఆర్ఎస్‌కు బదులు కావు, అది కూడా చెప్పండి. ప్యాకెట్లు అందకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచా, తలకొట్టి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం కాబట్టి, కలిపాక రుచి చూడమనండి, కన్నీళ్లకంటే ఉప్పగా ఉండకూడదు.

పాముకాటు మెసేజ్ నీళ్లు రాకముందే వెళ్లాలి. లంకలు మునిగితే పాములన్నీ మెరకకు, అంటే మనముండే చోటికే చేరతాయి. కొబ్బరి డొక్కల కుప్పలు, కట్టెల మోపులు, గట్టు మీద పరిచిన బరకాల కింద ఉంటాయి.

"పాము కరిస్తే మనిషిని కదలనివ్వొద్దు, నడిపించొద్దు. గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు పోయొద్దు. 108కి చేయండి. పడవ కోసం ఈ నంబరు. విషానికి విరుగుడు ఉన్న ఆసుపత్రి ఫలానా."

ఆ "ఫలానా" దగ్గర మీరు ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. అన్ని ఆసుపత్రుల్లో విరుగుడు మందు అన్నివేళలా ఉంటుందని అనుకోవద్దు.

నీళ్లు తీసిన తర్వాతి వారాలకు ఇంకో రెండు రాసి పెట్టుకోండి. బురద నీళ్లలో తిరిగినవాళ్లకు జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లెర్రబడటం ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరకు రమ్మనేది ఒకటి, నిల్వ నీళ్లు, దోమల గురించి ఒకటి. రాత్రిళ్లు నిద్రపట్టక, భయం భయంగా ఉండేవాళ్ల కోసం 14416 నంబరు కూడా పంపండి. అది టెలి మానస్, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన సహాయ నంబరు, ఉచితంగా మాట్లాడతారు. కొట్టుకుపోయిన ఇల్లు, పశువులు తలుచుకుని టెన్షన్ పడేవాళ్లు డాక్టరుకు ఆ మాట చెప్పరు.

5. రాసిందే గొంతుతో కూడా పంపండి

చదవలేనివాళ్లు ప్రతి శిబిరంలో ఉంటారు, చత్వారంతో కళ్లజోడు ఇంట్లో వదిలేసి వచ్చినవాళ్లు ఇంకా ఎక్కువ. నలభై సెకన్లు దాటకుండా వాయిస్ మెసేజ్ పెట్టండి. గొంతు మీది కాకుండా, ఊరికి తెలిసిన ఏఎన్ఎం గారిదో, ఆశా అక్కదో అయితే వెంటనే నమ్ముతారు. ఎప్పుడూ ఆ ఒక్క గొంతే ఉండాలి. మనం మాట్లాడుకునే గోదావరి యాసలోనే చెప్పించండి, టీవీ వార్తల్లా అక్కర్లేదు.

ఒడియా, హిందీ వాయిస్‌లు ఆ కుటుంబాల్లో రెండు భాషలూ వచ్చినవాళ్ల చేత చెప్పించండి. తర్వాత అదే భాష వచ్చిన ఇంకొకరికి వినిపించి, "ఏం అర్థమైంది, తెలుగులో చెప్పు" అని అడగండి. ఫోన్‌లోని అనువాదం యాప్‌తో చేసింది ఇలా సరిచూడకుండా పంపొద్దు. దేశం వదిలి వచ్చిన శరణార్థుల మధ్య పనిచేసేవాళ్లకైతే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం, అక్కడ తప్పు పట్టుకునే మనిషే దొరకడు.

6. ఎప్పుడు, ఎన్ని పంపాలి

రోజుకు రెండు, మహా అయితే మూడు. పొద్దున్నే ఒకటి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒకటి. మూడోది అత్యవసరానికి. పదే పదే మోగితే ఛార్జింగ్ మిగుల్చుకోవడానికి ఫోనే ఆపేస్తారు.

7. పుకార్లను ఎలా ఎదుర్కోవాలి

వరదప్పుడు పాత వీడియోలు కొత్తవిగా తిరుగుతాయి. ఫార్వర్డ్ గుర్తు దగ్గర రెండు బాణాలు కనిపిస్తే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అబద్ధమని దాన్నే మళ్లీ ఫార్వర్డ్ చేసి "నమ్మొద్దు" అని రాయకండి. చూసేవాళ్లకు పైనున్న వీడియో గుర్తుంటుంది, మీ మాట గుర్తుండదు. నిజం మాత్రమే రాయండి. ఉదాహరణకు, విరేచనాలవుతుంటే నీళ్లు ఇవ్వకూడదని ఎవరో పంపితే: "విరేచనాలకు మనిషి నీరసపడేది ఒంట్లో నీళ్లు, ఉప్పు పోవడం వల్లే. అందుకే తాగిస్తూ ఉండాలి. డాక్టరు గారు చెప్పారు." అంతే. పంపినవాళ్ల పేరు ఎత్తి పరువు తీయొద్దు. వాళ్లూ భయంతోనే పంపి ఉంటారు.

నీటిమట్టం, గేట్లు, గండ్ల గురించి మీరు ఏమీ పంపకండి. దానికి అధికారులున్నారు, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్ నంబరు 1070. ఆరోగ్యం నంబరు నుంచి వరద కబురు ఒకటి తప్పుగా వెళ్లిందా, ఓఆర్ఎస్ మాటా పోయినట్టే.

8. తిరిగి వచ్చే ప్రశ్నలు

దక్షిణాఫ్రికాలో 2014 నుంచి గర్భిణులకు ఫోన్‌లో సలహాలు పంపే మామ్‌కనెక్ట్ అనే ప్రభుత్వ పథకం ఉంది. అందులో తల్లులు తిరిగి ప్రశ్న అడిగే, ఫిర్యాదు చేసే ఏర్పాటు కూడా పెట్టారు. మన శిబిరానికీ అది కావాలి, చిన్నదే అయినా సరే.

వచ్చే ప్రశ్నలను మూడుగా విడదీయండి. మీ దగ్గర రాసి ఉన్న మెసేజ్‌లోనే జవాబుంటే వెంటనే పంపండి. లేకపోతే "కనుక్కుని చెబుతాను" అని, డాక్టరును అడిగి, ఆ సాయంత్రంలోపు చెప్పండి. ఊపిరాడకపోవడం, ఫిట్స్, పురిటి నొప్పులు రావడం, పాముకాటు లాంటివైతే టైప్ చేస్తూ కూర్చోకుండా ముందు ఫోన్ చేసి 108కి కలపండి. రాత్రి పదకొండింటికి "మా చిన్నోడు లేవట్లేదండి" అని వచ్చిన మెసేజ్ పొద్దున చూస్తే ఏం లాభం? అందుకే ఇద్దరు మనుషులు, రాత్రి వంతులు.

రోగి పేరు, ఫొటో, రిపోర్టు ఏ గ్రూపులోనూ పెట్టకండి. "ఫలానావాళ్ల అమ్మాయికి కామెర్లు" అన్న మాట ఒక్కసారి బయటికెళితే వెనక్కి రాదు.

9. పని జరిగిందో లేదో ఇలా చూడండి

నీలి టిక్కులు చూసి తృప్తి పడొద్దు. అవి మెసేజ్ తెరిచినట్టు చెబుతాయి, నీళ్లు కాచినట్టు చెప్పవు. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీద నొక్కిపట్టి సమాచారం చూస్తే ఎవరికి చేరిందో, ఎవరు చదివారో వేర్వేరుగా కనిపిస్తుంది. చేరనివాళ్ల పేర్లు పుస్తకంలో రాసుకుని వాళ్ల దగ్గరకు మనిషిని పంపండి.

తర్వాత శిబిరంలో నడవండి. ఐదారుగురు తల్లులను అడగండి, "ఓఆర్ఎస్ ఎలా కలుపుతున్నావమ్మా, ఒకసారి చూపించు." చెప్పమనొద్దు, చూపించమనండి. ఇద్దరు ముగ్గురు గ్లాసులో కలిపితే తప్పు మీ మెసేజ్‌లో ఉంది, వాళ్లలో కాదు. ఆ రోజు సాయంత్రమే మార్చి పంపండి. నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో పంచాయతీ దగ్గరుండే పరీక్ష కిట్‌తో ఏఎన్ఎం గారు చూస్తారు, రెండు చుక్కల మందు వేయగానే నీళ్లు పసుపు రంగుకు తిరగాలి. ట్యాంకు దగ్గర ఒకటి, జనం బిందెలోంచి ఒకటి, రెండూ చూడమనండి. ట్యాంకులో ఉండి బిందెలో లేకపోతే బిందె మురికిదన్నమాట, తర్వాతి మెసేజ్ బిందెలు కడగడం గురించే.

తప్పు మెసేజ్ వెళ్లిపోతే పంపిన 15 నిమిషాల్లోపు వాట్సాప్‌లోనే దిద్దొచ్చు. ఆ గడువు దాటితే "ఇందాకటి మెసేజ్‌లో తప్పుంది, సరైనది ఇది" అని కొత్తగా రాసి, వాయిస్ కూడా పెట్టండి. గుట్టుచప్పుడు కాకుండా డిలీట్ చేయొద్దు, అప్పటికే చదివినవాళ్లు తప్పునే పాటిస్తూ ఉంటారు.

10. జనం ఇళ్లకు వెళ్లాక

నీళ్లు తీశాక కూడా రెండు మూడు వారాలు రోజుకొక మెసేజ్ కొనసాగించండి. ఎలుక జ్వరం, డెంగీ బయటపడేది అప్పుడే. ఆ తర్వాత, ఇక ఆపుతున్నామని ఒక మెసేజ్ పెట్టి, ఏఎన్ఎం గారి నంబరు, 104, 108 అందులో ఇవ్వండి.

ఇక నంబర్లు. వచ్చే ఏడాదికి ఉంచమంటారా అని అడిగి, ఒప్పుకున్నవాళ్లవే ఉంచి మిగతావి తుడిచేయండి. పుస్తకం ఏఎన్ఎం గారి బీరువాలో పెట్టించండి. ఎన్నికలప్పుడు పార్టీలవాళ్లు, చిట్‌ఫండ్ ఏజెంట్లు, ఇన్సూరెన్స్‌వాళ్లు ఈ జాబితా కోసం వస్తారు, ఎంత తెలిసినవాళ్లైనా ఇవ్వొద్దు. సరిహద్దు దాటి వచ్చిన శరణార్థుల జాబితాలైతే తప్పుడు చేతుల్లో పడితే ప్రాణాలకే ముప్పు. అలాంటిచోట పేర్లు అసలు రాసుకోకుండా, వట్టి నంబర్లతోనే పని నడపండి. సిమ్‌ను మాత్రం రీఛార్జ్ చేస్తూ బతికించి ఉంచండి, జనం ఫోన్లలో "వరద ఆరోగ్యం" అని ఉన్న నంబరు వచ్చే జూన్‌లోనూ పలకాలి.